కొండ క్రింద మా బాల్యము

క్రిస్మసుకు ముందు మా సంఘములోని ఒక యౌవనస్థుడు గ్లాస్గో నుండి మా ఫోనుకు ఒక ఫొటో పంపాడు. పైచదువుకు స్కాట్లాండు వెళ్ళిన పిల్లవాడు. తెల్లసున్నము వేసిన పాత మేడ, దాని ముందు పచ్చగడ్డి, ఆకాశమంతా మబ్బు. “అయ్యగారూ, మీరు సండేస్కూల్లో చెప్పిన లివింగ్‌స్టన్‌గారు పుట్టిన ఇల్లు ఇదే. మా కాలేజీ నుండి రైల్లో వెళ్ళి చూసొచ్చాను” అని క్రింద వ్రాశాడు.

ఆ ఫొటోను చాలాసేపు చూశాము. బ్లాంటైర్ అన్న ఆ ఊరి పేరు మాకు ఏడేండ్ల వయసు నుండి తెలుసు. అన్నవరములో మా మందిరము అప్పటికి తాటాకుల కప్పు. సండేస్కూలు టీచరమ్మగారు అట్ట చిరిగిన పుస్తకము ఒడిలో పెట్టుకొని మిషనెరీల చరిత్రలు చదివి వినిపించేవారు. క్లైడ్ నది ఒడ్డున బ్లాంటైర్ అని ఆమె చదివితే మాకు పంపా నదే కనిపించేది. ఏటి ఒడ్డున ఊరు అంటే మేమెరిగినది అదొక్కటే గదా. పది సంవత్సరముల దావీదు లివింగ్‌స్టను తెల్లవారుజామున లేచి మిల్లుకు పోతున్నాడని ఆమె చెబితే, రత్నగిరి క్రింది బాట మీద చేతిలో లాంతరుతో నడిచిపోయే పిల్లవాడిని ఊహించుకొనేవారము.

పాఠకులలో చాలామంది మా అన్నవరమును రైలు కిటికీలోనుండి చూచియుంటారు. తుని దాటి సామర్లకోట వైపు వస్తుంటే కుడిచేతి ప్రక్క కొండ, కొండమీద గోపురము, రాత్రయితే దీపాల వరుస. గోదావరి జిల్లా అనగానే కాలువలు, కొబ్బరితోటలు తలచుకొంటారు గాని మాది మెట్ట. మా చిన్ననాడు గోదావరి కాలువ నీరు మాకు వచ్చేది కాదు. పంపా రిజర్వాయరు నిండితే పంట, లేకపోతే లేదు. కొండవాలుల మీద జీడిమామిడి, మామిడి, ఎర్రనేల. జిల్లాలు విడదీసిన 2022 నుండి మేము కాకినాడ జిల్లావారము. అయినా ఊరెక్కడని ఎవరైనా అడిగితే నోట ఇంకా తూర్పు గోదావరి అనే వస్తుంది.

కొండమీది సత్యనారాయణస్వామి గుడి 1891లో మొదలయినదని ఊరిలో అందరికీ తెలుసు. మావారి చరిత్ర దానికి కొంచెము ముందుది. కాకినాడలో తోమా గాబ్రియేలుగారు ప్రారంభించిన సువార్త పనిని నడిపించుటకు 1874లో కెనడా బాప్టిస్టు మిషను తరఫున మెక్లారిన్ దొరగారు వచ్చారు. నాలుగేండ్లకు, 1878లో, తునిలో మిషను పెట్టారు. అక్కడి నుండి కాలినడకన వచ్చిన బోధకుల వలననే మా తాతగారి తండ్రి విశ్వాసములోనికి వచ్చారని ఇంట్లో చెప్పుకొనేవారు. కొండకు ఎదురుగా మా పేట, పేటలో మా మందిరము. రెండింటి మధ్య పెరిగినవారము మేము.

మాకు కూడు పెట్టినది కూడ ఆ కొండే. నాన్న తాపీమేస్త్రి. కొండమీద సత్రములకు, గదులకు గోడలు కట్టేవారు. ఆదివారము మాత్రము పనిలోకి వెళ్ళేవారు కారు. పెళ్లిళ్ల ముహూర్తములున్న రాత్రులు కొండంతా బాజాలే. ఒకే రాత్రి ఎన్ని పెళ్లిళ్లు జరిగేవో! బస్సుల మీద మామిడాకులు కట్టుకొని జనము దిగుతుంటే మేము పోయి పెళ్లికూతుళ్లను లెక్కపెట్టేవారము. వ్రతకథ ఐదు అధ్యాయములూ మైకులో విని విని మాకు సగము కంఠతా వచ్చేసింది. ఈ సంగతి వేదాంత పాఠశాలలో చెప్పినప్పుడు తోటి విద్యార్థులు నవ్వారు. మా స్నేహితులకు మాత్రము క్రిస్మసు పాటలు రావా ఏమి? పండుగ రాత్రి మా నక్షత్రము మోసినది వారే.

ప్రసాదము విషయములో నాన్న కచ్చితముగా ఉండేవారు. కొరింథు సంఘమునకు పౌలు వ్రాసిన మాటలు చెప్పి వద్దనేవారు. ఆ గోధుమనూక, బెల్లము, నెయ్యి కలిసి విస్తరాకు పొట్లములో నుండి వచ్చే వాసన ఎటువంటిదో అన్నవరము పిల్లవాడికి చెప్పనక్కరలేదు. మా స్నేహితుడి నాయనమ్మగారు మా ముఖము చూచి కనిపెట్టింది కాబోలు, ఒకనాడు తన ఇంటి పొయ్యిమీదనే అదే నూకతో, అదే బెల్లముతో వండి, “ఇది కొండెక్కలేదులే నాయనా, మీ నాన్న ఏమీ అనడు” అని ఆకులో పెట్టి ఇచ్చింది. నాన్న నిజముగా ఏమీ అనలేదు. ఇప్పటి పిల్లలకు ఇటువంటివి చెబుతుంటే కట్టుకథ వింటున్నట్టు చూస్తారు.

వానకాలములో పంపా పొంగితే గట్టున కూర్చుని చేపలకు గాలము వేయడము. వేసవిలో తుని మామిడికాయల బళ్ల వెంట పరుగెత్తి, రాలినవి ఏరుకోవడము. రాత్రివేళ మద్రాసు వైపు పోయే హౌరా మెయిలు కూత విని “ఇక పడుకోండర్రా” అని అమ్మ దీపము తగ్గించడము. ఇట్టివన్నీ మేము ప్రసంగములలో చాలాసార్లు చెప్పుకొన్నాము. కొన్ని ఈ రకపు పత్రికలలో వ్రాశాము కూడ. అంతా తీపియే. అంత తీపిగా ఎందుకున్నదో ఈ మధ్యవరకు ఆలోచించలేదు.

1985లో నాన్న పరంజా మీద నుండి పడి కాలు విరిగింది. దాదాపు ఏడాది మంచములోనే. ఆ జూనులోనే మేము ఒకటవ తరగతిలో చేరాము. ఆ జూనులోనే మా అక్క ఐదవ తరగతితో బడి మానింది. ఇంట్లో పలకలు రెండుండేవి. అక్క పలక మాకు వచ్చింది. అది పెద్దది, చెక్క అంచుది. దానిని చంకన పెట్టుకొని గర్వముగా బడికి పోవడము బాగా జ్ఞాపకమున్నది. ఆ పలక ఎందుకు ఖాళీ అయినదో మాత్రము మా మనసునకు తట్టలేదు.

అక్క జీడిపిక్కలు కొట్టే షెడ్డులో కుదిరింది. మెట్ట ప్రాంతపు చదువరులకు ఈ పని తెలుసు; తెలియనివారికి చెబుతాము. పిక్కకు పై పెంకులో జీడి అనే నల్లని చమురు ఉంటుంది. ఒంటికి తగిలితే కాల్చేస్తుంది, పొక్కి చర్మము ఊడుతుంది. పిక్కలను కాల్చి, బూడిదలో దొర్లించి, రాతిమీద పెట్టి చిన్న కర్రతో కొడతారు. దెబ్బ గట్టిగా పడితే పప్పు ముక్కలవుతుంది. గుండుకు ఒక ధర, బద్దకు ఒకటి, ముక్కకు ఇంకొకటి. ముక్కలెక్కువయితే కూలి తెగుతుంది. చేతులకు ఆముదము, బూడిద రాసుకొంటారు గాని వ్రేళ్ల సందులలోకి జీడి దిగకుండా ఎవరూ ఆపలేరు. పదకొండేండ్ల పిల్ల ఉదయము ఏడింటికి పోయి దీపాలవేళకు వచ్చేది. శనివారము కూలిడబ్బులు అమ్మ చేతిలో పెట్టేది. ఆ రాత్రి మాకు ఒక బిళ్ల బెల్లము దొరికేది.

ఆ మరుసటి సంవత్సరమే, 1986లో, బాలకార్మిక నిషేధ చట్టము వచ్చింది. ఢిల్లీలో వచ్చిన చట్టము మా ఎర్రమట్టి బాటదాకా నడిచి వచ్చుటకు చాలాకాలము పట్టింది. పద్నాలుగేండ్లలోపు పిల్లలను, కుటుంబపు పనిలో సాయము వంటివి తప్ప, ఏ పనిలోనూ పెట్టకూడదని సవరించినది 2016లో. అప్పటికి అక్క నలభై దాటింది.

ఇప్పుడు ఆ ఫొటో సంగతికి వస్తాము. లివింగ్‌స్టన్‌గారు 1813 మార్చి 19న ఆ మేడలో పుట్టారు. మేడంతా వారిది కాదు. మిల్లు కూలీలకు కట్టిన గదుల వరుస అది, వారి కుటుంబమునకు దానిలో ఒక్క గది. పది సంవత్సరముల వయసులో నూలుమిల్లులో తెగిన దారాలు అతికే పనికి చేరారు. ఉదయము ఆరింటి నుండి రాత్రి ఎనిమిదింటి వరకు పని. ఆ తరువాత రాత్రి బడి. మొదటి వారపు కూలిలో కొంత పెట్టి లాటిను వ్యాకరణము కొనుక్కొని, యంత్రము మీద పుస్తకము ఆనించి, అటూ ఇటూ నడుస్తూ వాక్యము వెంట వాక్యము చదివేవారట. తొమ్మిదేండ్లలోపు పిల్లలను నూలుమిల్లులలో పెట్టరాదని ఆ దేశములో చట్టము 1819లో వచ్చింది. అప్పటికి ఆయనకు ఆరేండ్లు.

కలబారు తల్లిగా మనమెరిగిన మేరీ స్లెసర్‌గారిదీ అటువంటి కథే. 1848లో అబెర్డీనులో పుట్టి, తండ్రి త్రాగుడు వలన ఇల్లు చితికి, డండీ పట్టణములో పదకొండవ ఏట సగము పూట మిల్లు, సగము పూట బడి. డండీ జనపనారకు పేరుపొందిన ఊరు. ఆ నార ఎక్కడిదనుకొన్నారు? మన బెంగాలుది. హుగ్లీ ఒడ్డున ఓడలకెక్కేది. మా ఊరి మీదుగా పోయే హౌరా బండి ఆగేది ఆ ఒడ్డునే. చిన్నప్పుడు ఈ సంగతి తెలిసియుంటే ఆ రైలును ఇంకో రకముగా చూచియుండేవారమేమో.

లివింగ్‌స్టన్‌గారు 1857లో అచ్చువేసిన తన ప్రయాణముల గ్రంథములో బాల్యమును తలచుకొంటూ, ఆ కష్టము తన శిక్షణలో భాగమైనదనీ, బ్రతుకు మళ్లీ మొదలుపెట్టమంటే అదే పేదరికములో, అదే కఠినమైన పెంపకములో మొదలుపెట్టుటకు ఇష్టమేననీ అన్న భావము వ్రాశారు. ఈ మాట మాకు ఎంతో ప్రియమైనది. యౌవనస్థుల కూటములలో ఎన్నిసార్లు చెప్పియుంటామో. అనడానికి ఆయనకు హక్కున్నది. ఆ మిల్లులో నిలబడినది ఆయన కాళ్లే. మేము దానిని మా బాల్యమునకు తగిలించుకొని, మాకూ మరల అదే బాల్యము కావాలని అంటుండేవారము. మా వ్రేళ్ల సందులలో నల్లమచ్చలు లేవు.

మొన్న జనవరిలో అక్క ఇంటికి వెళ్ళాము. ఆమె 1992లో పెండ్లియై శంఖవరము దగ్గర కాపురమున్నది. కూతురు నర్సు. అక్క పాయసము చేసి పెట్టింది. ఆమె పాయసములో జీడిపప్పు ఉండదు. ముప్పది సంవత్సరములుగా తింటున్నాము, ఎన్నడూ అడగలేదు. ఆనాడు అడిగితే, “కాలిన జీడి వాసన గుర్తొస్తది తమ్ముడూ. మింగుడు పడదు” అంది. అంతే. కోపముతో అనలేదు, ఉప్పు తక్కువైనదని చెప్పినట్టు అంది.

మేము లివింగ్‌స్టన్‌గారి మాట చెప్పాము. బాల్యము మరల వస్తే అన్నవరములో ఆ ఇంట్లోనే గడపాలని ఉందని కూడ అన్నాము. అక్క నవ్వింది. “నీకు బానే ఉంటదిలే. కొండ, పంపా, రైలు. నేను ఏటి గట్టుకు పగలు ఎప్పుడు వచ్చానురా? దీపాలెలిగాకే గదా ఇంటికొచ్చేది” అంది. తరువాత కాసేపు ఆగి, “ఆ పలక మీద నువ్వు మొదట రాసిన అక్షరాలు నాకే చూపించావు. చెయ్యి మండుతుంటే నీకు దిద్దించాను, గుర్తుందా?” అని అడిగింది.

మాకు గుర్తు లేదు. పలక గుర్తుంది, చెక్క అంచు గుర్తుంది, దిద్దించిన చెయ్యి గుర్తు లేదు. ఆ మాటే ఆమెతో చెప్పి, క్షమించమని అడిగాము. ఇంతకాలము ఎందరికో క్షమాపణ గూర్చి బోధించిన మాకు అంత చిన్న మాట నోట రావడము కష్టమైనది. “చాల్లే, పాస్టరుగారివి, నాకు క్షమాపణేంటి” అని అక్క కొంగుతో ముఖము తుడుచుకొంది.

అప్పుడు ఫోను తీసి ఆ ఫొటో చూపించాము. కళ్లజోడు పెట్టుకొని, ఫోనును దూరముగా పట్టుకొని, తెల్లని మేడను, గడ్డిని, మబ్బును చాలాసేపు చూచింది.

“ఈ పిల్లోణ్ణి మిల్లులో ఎన్నింటికి వదిలేవారు?” అని అడిగింది.

“రాత్రి ఎనిమిదింటికి” అన్నాము.

“పాపం, మమ్మల్ని ఆరింటికే వదిలేసేవారు” అని, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి లోపలికి వెళ్ళింది.