మూడక్షరాల వెనుక మూడు ప్రశ్నలు

ఎగుమతి వ్యాపారంలో వినిపించే మాటలను తెలుగు బడిలో ఎలా చెప్పాలి? షోలాపూర్ టవళ్ల పెట్టె వెంట దుబాయ్ దాకా వెళ్లి చూద్దాం.

షోలాపూర్‌లో ఒక చిన్న టవళ్ల కార్ఖానా ఉందనుకుందాం. యజమాని తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివారు. పెద్దమ్మాయి ఇప్పుడు అదే బడిలో పదో తరగతి. ఇన్నేళ్లూ ముంబయి వ్యాపారికే సరుకు ఇచ్చిన ఆయనకు మొదటిసారి దుబాయ్ నుంచి నేరుగా బేరం వచ్చింది. వంద అట్టపెట్టెల టవళ్లు కావాలట. ధర పంపితే మర్నాడే జవాబు వచ్చింది: ‘మీ ధర నచ్చింది. అదే ధరకు సీఐఎఫ్ జెబెల్ అలీ అని రాసి పంపండి.’

‘‘సరే అని కొట్టు బిడ్డా’’ అన్నారు తండ్రి.

‘‘జర ఆగు నాయినా. మనం రాసింది ఎఫ్‌ఓబీ నవాశేవా. ఆయన అడిగేది సీఐఎఫ్ జెబెల్ అలీ. రెండూ ఒకటేనా?’’

కావు. మొదటి మాట ప్రకారం ముంబయి పక్కనున్న నవాశేవా రేవులో సరుకు ఓడ ఎక్కేదాకా అయ్యే ఖర్చే అమ్మేవారిది. రెండో మాట ప్రకారం దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవు దాకా ఓడ కిరాయి, దారిలో సరుకు బీమా కూడా అమ్మేవారివే. పాత ధరకే ‘సరే’ అంటే ఆ రెండూ కార్ఖానా లాభంలోంచే పోతాయి. పెట్టె కదలకముందే, మూడక్షరాల దగ్గరే నష్టం మొదలవుతుంది.

ఈ కుటుంబం మనం ఊహించుకున్నదే. చిక్కు మాత్రం నిజమైనది. షోలాపూర్ మగ్గాల దగ్గర, చెన్నై రేవు చుట్టుపక్కల, హోసూరు పారిశ్రామికవాడల్లో, గోపాల్‌పూర్ రేవుకు దగ్గరగా ఉన్న బరంపురంలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. ‘తెలుగులో చదివితే ఇలాంటి మాటలు పిల్లలకు ఎలా వస్తాయి?’ అని అడిగే తల్లిదండ్రులూ ఈ ఊళ్లలోనే ఉన్నారు. ఈ మాటలు ఇంగ్లిషు మీడియం పిల్లలకూ పుట్టుకతో రావు. ‘ఫ్రీ ఆన్ బోర్డ్’ను పదానికి పదం పెట్టి ‘ఓడ మీద ఉచితం’ అనుకుంటే ఎవరికైనా తప్పుదారే. ఇక్కడ ఉచితంగా వచ్చేది ఏదీ లేదు. ఓడ మీదికి చేరేదాకా కొనేవారు ఖర్చు పెట్టుకోనక్కర్లేదు, అంతే. మాట వెనుకున్న ప్రశ్న తెలిస్తే ఏ భాషలో చదివినా అర్థమవుతుంది.

కల్లం ధర, మిల్లు ధర

ఆ ప్రశ్నలు మూడే: ఖర్చు ఎవరిది? పూచీ ఎవరిది? ఎక్కడి దాకా?

ఇవి మన రైతులకు ఎప్పటినుంచో తెలిసినవే. ధాన్యం బేరంలో ‘కల్లం దగ్గర ధరా, మిల్లు దగ్గర ధరా?’ అని ముందే తేల్చుకుంటారు. కల్లం దగ్గరైతే బండి కిరాయి కొన్నవారిది. మిల్లు దగ్గరైతే అమ్మినవారిది. ప్రపంచమంతటా ఇదే లెక్కను ఒకే తీరుగా రాసుకునేందుకు పారిస్ కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో కొన్ని మాటలు ఖరారు చేసింది. వాటినే ఇన్‌కోటర్మ్స్ అంటారు. 2020 నాటి కూర్పులో ఇవి 11 ఉన్నాయి.

బోర్డు మీద కార్ఖానా నుంచి కొనేవారి గోదాము దాకా ఒక గీత గీసి ఇవి చెప్పవచ్చు. గీత మొదట్లో, కార్ఖానా గడప దగ్గరే సరుకు అప్పగిస్తే ఎక్స్ వర్క్స్. రేవులో ఓడ మీదికి చేర్చి అప్పగిస్తే ఎఫ్‌ఓబీ. గీత చివరిదాకా వెళ్లి, అవతలి దేశపు సుంకం కూడా కట్టి కొనేవారి గుమ్మంలో అప్పగిస్తే డీడీపీ. మాట పక్కన ఊరి పేరు తప్పకుండా ఉండాలి. ఊరు లేని ఎఫ్‌ఓబీ చిరునామా లేని ఉత్తరమే.

సీఐఎఫ్ దగ్గర పెద్దలు కూడా పొరబడతారు. ఓడ కిరాయి, బీమా జెబెల్ అలీ దాకా అమ్మేవారే కడతారు కాబట్టి పూచీ కూడా అక్కడి దాకా వారిదేనని అనుకుంటారు. కాదు. సరుకు నవాశేవాలో ఓడ ఎక్కగానే పూచీ కొనేవారి మీదికి మారుతుంది. నడి సముద్రంలో సరుకు పాడైతే బీమా డబ్బు కోసం వెళ్లాల్సింది కొనేవారే. పైగా సీఐఎఫ్ కింద అమ్మేవారు తీసుకోవాల్సింది కనీస స్థాయి బీమా మాత్రమే. సరుకు విలువకు 110 శాతం మొత్తానికి తీసుకుంటే చాలు. అంతకన్నా గట్టి రక్షణ కావాలంటే బేరం కుదిరేటప్పుడే రాసుకోవాలి.

ఉపాధ్యాయులకు ఇంకొక మాట. ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ ఓడలోకి నేరుగా ఎక్కించే సరుకు కోసం పుట్టినవి. కంటెయినర్ సరుకును మనం ఓడ దగ్గర కాక, అంతకుముందే టెర్మినల్‌లోనో గిడ్డంగిలోనో అప్పగిస్తాం. అందుకే కంటెయినర్లకు ఎఫ్‌సీఏ, సీఐపీ అనే మాటలు వాడమని వాణిజ్య మండలి చెబుతోంది. అయినా వ్యాపారుల నోట పాతవే ఎక్కువగా వినిపిస్తాయి.

బిల్లు కాని బిల్లులు

తెలుగులో బిల్లు అంటే కట్టాల్సిన డబ్బు. కరెంటు బిల్లు, కిరాణా బిల్లు మనకు తెలుసు. ఎగుమతిలో ఎదురయ్యే మూడు ‘బిల్లులు’ అలాంటివి కావు.

షిప్పింగ్ బిల్ అంటే ఓడ కిరాయి రసీదు అనిపిస్తుంది. నిజానికి అది ‘ఈ సరుకును దేశం దాటిస్తున్నాం’ అని మనం కస్టమ్స్‌కు ఇచ్చే ప్రకటన. సరుకు దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చే ప్రకటన పేరు బిల్ ఆఫ్ ఎంట్రీ. ఒకటి వెళ్లేదానికి, ఇంకొకటి వచ్చేదానికి.

మూడోది బిల్ ఆఫ్ లేడింగ్. ఓడ కంపెనీ ఇచ్చే ఈ కాగితం ఒక్కటే మూడు పనులు చేస్తుంది. సరుకు అందిందనడానికి రసీదు. రవాణా ఒప్పందానికి సాక్ష్యం. సరుకు మీద హక్కు పత్రం. ఇంటికి దస్తావేజు ఎలాంటిదో, సముద్రం మీదున్న సరుకుకు ఇది అలాంటిది. సాధారణంగా అసలు ప్రతులు మూడు ఇస్తారు. వాటిలో ఒకటి చూపించి సరుకు విడిపించుకున్నాక మిగతా రెండూ చెల్లవు. డబ్బు చేతికందకముందే అసలు ప్రతిని కొనేవారికి పంపితే సరుకు తాళంచెవి ఇచ్చేసినట్టే. అందుకే చాలామంది బ్యాంకు ద్వారా పంపుతారు. మన దేశంలో దీనికి 1856 నాటి చట్టమే ఆధారంగా ఉండేది. దాని స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది.

కాగితాల మీద కనిపించే హెచ్ఎస్ కోడ్ సరుకుకు పెట్టిన అంకెల పేరు. నూలు టెర్రీ టవళ్లకు అది 630260. మొదటి రెండు అంకెలు, అంటే 63, కుట్టి సిద్ధం చేసిన వస్త్రాల అధ్యాయాన్ని చెబుతాయి. ఈ ఆరు అంకెలు దుబాయ్‌లోనూ షోలాపూర్‌లోనూ ఒకటే. మన కస్టమ్స్ వాటికి మరో రెండు కలిపి ఎనిమిది అంకెలు వాడుతుంది. స్థాన విలువ పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది?

పెట్టె లెక్క

1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ అమెరికాలోని న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కు 58 అల్యూమినియం పెట్టెలతో బయలుదేరింది. దాన్ని పంపింది మాల్కం మెక్‌లీన్ అనే లారీల యజమాని. అంతకుముందు రేవుల్లో బస్తా బస్తానూ కూలీలు మోసి ఓడలో సర్దేవారు. రోజులకు రోజులు పట్టేది. పెట్టెను లారీ మీది నుంచి అలాగే ఎత్తి ఓడలో పెట్టడంతో ఆ పని గంటల్లోకి వచ్చింది.

ఇప్పుడు ఓడ ఎంత పెద్దదో చెప్పాలంటే టీఈయూల్లో చెబుతారు. ఒక టీఈయూ అంటే 20 అడుగుల పెట్టె ఒకటి. 40 అడుగుల పెట్టె రెండు టీఈయూలు. పెట్టె మొత్తం మనమే తీసుకుంటే ఎఫ్‌సీఎల్. నలుగురితో కలిసి పంచుకుంటే ఎల్‌సీఎల్. మొదటిది ఊరికి జీపు మాట్లాడుకోవడం, రెండోది షేర్ ఆటో ఎక్కడం.

మన వంద అట్టపెట్టెలు దేనికి సరిపోతాయి? ఒక్కోటి 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు అనుకుందాం. గుణిస్తే 96,000 ఘన సెంటీమీటర్లు, అంటే 0.096 ఘన మీటర్లు. వంద పెట్టెలకు 9.6. వ్యాపార భాషలో 9.6 సీబీఎం. 20 అడుగుల కంటెయినర్ లోపల సుమారు 33 ఘన మీటర్ల చోటుంటుంది. మన సరుకు దానిలో మూడోవంతు కూడా లేదు కాబట్టి ఎల్‌సీఎల్ సరిపోతుంది.

కిరాయి దేని మీద? ఎల్‌సీఎల్‌లో టన్నులు, ఘన మీటర్లు రెండూ చూసి ఏ అంకె పెద్దదైతే దాని మీద వేస్తారు. పెట్టె 14 కిలోలైతే మొత్తం బరువు 1.4 టన్నులు. 9.6 పెద్దది కాబట్టి కిరాయి చోటు మీదే పడుతుంది. విమానంలో పంపితే మామూలుగా 6,000 ఘన సెంటీమీటర్లను ఒక కిలోగా లెక్కగడతారు. మన పెట్టె తూకానికి 14 కిలోలే అయినా కిరాయికి 16 కిలోలు. టవళ్లను గట్టిగా నొక్కి పెట్టె చిన్నది చేస్తే డబ్బు మిగులుతుంది. ఘనపరిమాణం లెక్క ఎందుకని అడిగే పిల్లలకు ఇదే జవాబు.

రోజులకు ధర

పూర్తి కంటెయినర్ తీసుకున్నవారికి రెండు మాటలు తెలియాలి. రేవులో పెట్టెను ఇన్ని రోజులు ఉచితంగా ఉంచుకోవచ్చని గడువుంటుంది. అది దాటి సరుకు విడిపించుకోకపోతే పడేది డెమరేజ్. పెట్టెను బయటికి తెచ్చుకున్నాక, ఖాళీ చేసి తిరిగి ఇవ్వడంలో ఆలస్యమైతే పడేది డిటెన్షన్. మొదటిది రేవు గేటు లోపల, రెండోది బయట. రోజులు పెరిగేకొద్దీ రేటు కూడా మెట్లుమెట్లుగా పెరుగుతుంది. బిల్ ఆఫ్ లేడింగ్ కొరియర్‌లో ఆలస్యమైనా, దానిలో ఒక అక్షరం తప్పుపడినా ఈ గడియారం ఆగదు.

అందరి నష్టం

2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే 400 మీటర్ల ఓడ సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుంది. ఆరు రోజులకు కదిలింది. తర్వాత ఓడ యజమానులు జనరల్ యావరేజ్ ప్రకటించారు. ఇక్కడ యావరేజ్ అంటే మన గణితంలోని సగటు కాదు. ఓడను, సరుకును ఆపద నుంచి కాపాడటానికి చేసిన ఖర్చును, వదులుకున్న సరుకు నష్టాన్ని ఓడవారూ సరుకులవారూ విలువను బట్టి పంచుకోవడం. సొంత పెట్టెకు గీత కూడా పడకపోయినా వాటాకు హామీ ఇచ్చాకే సరుకు చేతికి వస్తుంది. కనీస బీమా ఉన్నా ఆ వాటాను బీమా కంపెనీ భరిస్తుంది. బీమా లేనివారు చేతి నుంచే పెట్టుకోవాలి.

మనకు కొత్తవి కావు

ఓడ వర్తకంలో పూచీ ఎవరిదన్న ప్రశ్న తెలుగు నేల మీద రాతిలోనే ఉంది. చినగంజాం దగ్గరి మోటుపల్లి రేవులో 1244-45లో కాకతీయ గణపతిదేవుడు అభయశాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు పాలకులు బలవంతంగా తీసుకునేవారు. ఇకపై ఆ సరుకు వర్తకులదేనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని ఆయన మాట ఇచ్చాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం వంటి సరుకులకు సుంకాల పట్టికా అందులో ఉంది. ఇంగ్లిషులోని ‘గోడౌన్’ మలయా భాష మీదుగా వెళ్లిందని, దాని మూలం మన గిడ్డంగి, తమిళుల కిడంగు కావచ్చని నిఘంటుకారులు చెబుతారు. సరుకులతో పాటు మాటలూ ఓడెక్కుతాయి.

కాబట్టి ఈ పాఠానికి కొత్త పుస్తకం అక్కర్లేదు. గణితంలో పెట్టె కొలతలు, సాంఘికంలో సూయజ్ కాలువ, తెలుగులో మోటుపల్లి శాసనం చాలు. ఊళ్లో ఎగుమతి చేసే పూర్వ విద్యార్థి ఉంటే ఒక పాత బిల్ ఆఫ్ లేడింగ్ నకలు తెమ్మనండి. ధరలు, పేర్లు కొట్టేసి తరగతిలో చదివించండి. అర్థం తెలుగులో పట్టుబడ్డాక ఇంగ్లిషు పేరు దానంతటదే గుర్తుంటుంది.

షోలాపూర్ అమ్మాయి ఆ సాయంత్రం దుబాయ్‌కి రెండు వరుసలు రాసి పంపింది: ఎఫ్‌ఓబీ నవాశేవా అయితే పాత ధర. సీఐఎఫ్ జెబెల్ అలీ అయితే ఓడ కిరాయి, బీమా కలిపిన కొత్త ధర. ఏది కావాలో మీరే చెప్పండి.

‘‘ఇదంతా బడిలో చెప్పిన్రా బిడ్డా?’’

‘‘కల్లం ధర, మిల్లు ధర అని చెప్పిన్రు నాయినా. మిగిలింది నేనే చూసుకున్న.’’