అపరిచితుడి చిట్టా ఎక్కడ?

శుభం కార్డు పడి, జనం గేటు దాటకముందే మొదలవుతుంది లాజిక్ పంచాయితీ. "వాడు అక్కడికెలా వచ్చాడ్రా?" అంటాడొకడు. "నీ టికెట్ డబ్బులు గిట్టాయా లేదా?" అంటాడు ఇంకొకడు. "సినిమాకెళ్ళి లెక్కలేంట్రా, లెక్కలు కావాలంటే ట్యూషన్‌కి పో!" అని మూడోవాడు తీర్పు చెప్పేస్తాడు. అంతటితో కేసు కొట్టేసినట్టే!

నేను మాత్రం అంత తేలిగ్గా కొట్టేయను. లాజిక్ తప్పులన్నీ ఒక్క జాతివి కావని నా వాదన. కొన్ని చూసి నవ్వుకుని వదిలేయాలి. కొన్నిటిని మాత్రం ఇంటికి పట్టుకెళ్ళి ఆలోచించాలి. చట్టాన్ని చేతిలోకి తీసుకునే హీరోల సినిమాల్లో ఈ రెండో రకం ఎక్కువ. అందుకు మన బోనులో నిలబెట్టదగిన ఘనుడు 'అపరిచితుడు'!

2005లో వచ్చిన ఈ శంకర్ సినిమా తమిళంలో 'అన్నియన్'. డబ్బింగ్ బొమ్మే అయినా మనవాళ్ళు విక్రమ్‌కి సొంత హీరోకి వేసినన్ని ఈలలు వేశారు. కథ గుర్తుంది కదూ? రూల్స్ తప్ప మరో మాట ఎరగని లాయరు రామానుజం. అతని ఒంట్లోనే షోకిల్లా రెమో, శిక్షలు వేసే అపరిచితుడు. జనం వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెడతారు. అపరిచితుడు గరుడ పురాణం తిరగేసి శిక్ష అమలు చేస్తాడు. ప్రమాదంలో పడ్డవాణ్ణి కారెక్కించుకోని వాడికి దున్నపోతుల కాళ్ళ కింద అంధకూపం. రైల్లో పాడు తిండి పెట్టిన కాంట్రాక్టరుకి మరిగే నూనెలో కుంభీపాకం. నాసిరకం బ్రేకు వైర్లు చేసినవాడికి జలగలతో కృమిభోజనం.

ఇక వాదోపవాదాలు మొదలెడదామా?

ఒంటి లెక్క

మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. ఈగని తోలడానికి కూడా రూలు వెతుక్కునే రామానుజం, కరాటే స్కూల్లో అంతమందిని ఒంటిచేత్తో ఎలా చితక్కొట్టాడు? మనిషిలో మరో మనిషి మేలుకున్నంత మాత్రాన కండలు కొత్తగా మొలుస్తాయా? ఎవరూ నేర్పని విద్య రాత్రికి రాత్రి వచ్చేస్తుందా? అన్ని దున్నపోతుల్ని ఎవరు తోలుకొచ్చారు? రెమో ఖరీదైన బట్టల బిల్లు ఎవరు కట్టారు?

ఈ ప్రశ్నలన్నీ న్యాయమైనవే. అయినా వీటిని నేను మాఫీ చేస్తాను. హాల్లో దీపాలు ఆరగానే మనకీ దర్శకుడికీ ఒక ఒప్పందం కుదురుతుంది. ఎన్టీవోడు కత్తి పట్టి సైన్యాన్ని తరిమినప్పుడు మనం కండలు కొలిచామా ఏమిటి?

ఒక విషయంలో సినిమాకి మార్కులు కూడా వేయాలి. మనోవైద్యులు 1994 నుంచి ఈ జబ్బుని కొత్త పేరుతో 'డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్' అంటున్నారు. చిన్నతనంలో తగిలిన పెద్ద దెబ్బకీ దీనికీ దగ్గర చుట్టరికం ఉందని చెబుతారు. ఒక మనిషి చేసింది మరో మనిషికి గుర్తుండదనీ అంటారు. తెగిపడిన కరెంటు తీగ వల్ల చెల్లెలు కళ్ళ ముందే చనిపోవడం, ఆ తర్వాత రామానుజానికి తన చేతలే తనకి తెలియకపోవడం... ఈ ముడి గట్టిగానే పడింది.

పోలీసు లెక్క

ఆ వెబ్‌సైట్ ఎవరి పేరున ఉంది, ఏ కంప్యూటర్ నుంచి నడుస్తోంది అన్నది మొదటి రోజే కూపీ లాగవలసిన పని. అది అంత త్వరగా తేలిపోతే సినిమా ఇంటర్వెల్‌కే అయిపోతుంది, కనుక సాగదీశారు! అంతకంటే పెద్ద తప్పు మరొకటుంది. నూనెలో వేగిపోయిన కాంట్రాక్టరు సాక్షాత్తూ డీసీపీ ప్రభాకర్‌కి అన్న. సొంత అన్న హత్య కేసుని తమ్ముడి చేతిలోనే ఉంచే డిపార్ట్‌మెంట్ ఉంటుందా? ప్రకాష్ రాజ్ పళ్ళు పటపటా కొరుకుతుంటే బాగుంటుందని మనం అడగలేదు, అంతే.

కోర్టు లెక్క

మా మిత్రుల్లో ఒక లాయరు గారున్నారు. ఆయన అభ్యంతరం ఇది. మతి స్థిమితం లేనివాడికి శిక్ష పడకూడదని భారత శిక్షాస్మృతి 84వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అదే మాట భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్‌గా ఉంది. అయితే జబ్బు ఉందని డాక్టరు చెబితే సరిపోదు. తాను చేస్తున్న పని ఏమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో ఆ క్షణాన తెలుసుకోలేని స్థితిలో ఉండాలి. అపరిచితుడికేమో తెలియనిది లేదు! ముందుగా పథకం వేస్తాడు, శిక్ష పేరు రాస్తాడు, స్టేడియంలో నిలబడి దేశానికి ఉపన్యాసం ఇస్తాడు. ఇంత తెలిసినవాడికి ఆ సెక్షన్ అంత సులువుగా వర్తిస్తుందా? "నేను ప్రాసిక్యూటర్నయితే ఆ కేసు అంత తొందరగా వదిలేవాణ్ణి కాదు" అంటారాయన.

అసలు తిరకాసు

వీటన్నిటికీ మించిన ప్రశ్న మరొకటుంది. గరుడ పురాణంలోని ఆ శిక్షలు చచ్చాక జీవుడికి పడేవి. అక్కడ కూడా యముడు మనిషిని చూడగానే నూనెలో వేయించడు. పక్కన చిత్రగుప్తుడుంటాడు, చిట్టా విప్పుతాడు. పాపమెంత, పుణ్యమెంత అని లెక్క చూశాకే శిక్ష. మన అపరిచితుడు పురాణంలోంచి శిక్షలన్నీ ఏరి తెచ్చుకున్నాడు గానీ, చిత్రగుప్తుణ్ణి మాత్రం అక్కడే వదిలేసి వచ్చాడు!

వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టినవాడు అబద్ధం చెబితే? పక్కింటివాడి మీద కక్షతో రాస్తే? సినిమా ఈ ప్రశ్న జోలికే పోదు. మనం చూసిన ప్రతివాడూ నిజంగా దోషే కావడానికి కారణం దర్శకుడు ముందే చూపించేయడం. బయట అలా ముందే చూపించేవాడెవడు?

అడిగితే ఏమవుతుందో చూడండి. ప్రమాదం చూసి కారు ఆపనివాణ్ణి సినిమా దుర్మార్గుడనే చూపింది, సరే. బయట ఆపనివాళ్ళలో చాలామందిది పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాలన్న భయం. ఆ భయం తీర్చడానికే సాయం చేసినవాళ్ళని వేధించకుండా 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు ఆమోదముద్ర వేసింది, 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ వచ్చింది. కారణం తెలిస్తే మందు దొరికింది. దున్నపోతులతో ఇది సాధ్యమయ్యేదా?

ఇంకో ముచ్చట. నందిని స్థలం రిజిస్ట్రేషన్‌లో విలువ తక్కువ చూపింది. దానికి స్టాంపు చట్టం లోటు సుంకం వసూలు చేస్తుంది, జరిమానా వేస్తుంది. అపరిచితుడు ఏకంగా చంపబోయాడు! ఆ లెక్కన మన ఊళ్ళలో ఎంతమంది మిగులుతారు, ఎన్ని మందల దున్నపోతులు కావాలి? ఆమె "రామానుజం" అని పిలవగానే అతను మామూలు మనిషైపోయాడు, ప్రాణం దక్కింది. మరి ఆ కారు ఓనరు ఎవర్ని పిలవాలి? ప్రేమించిన పిల్లకి దొరికిన వాయిదా మిగతావాళ్ళకి దొరకలేదు. అక్కడ నేను ఈల వేయలేకపోయాను.

'ఠాగూర్' ఏం చేశాడు?

2003లో చిరంజీవి 'ఠాగూర్' కూడా ఈ బాట పట్టినవాడే. అందులోనూ కన్నాలు లేకపోలేదు. అయితే అక్కడ కానిస్టేబుల్ ప్రకాష్ రాజ్ లంచం ముట్టనివాళ్ళెవరా అని వెతికి, అంతా ఒకే కాలేజీ విద్యార్థులని పట్టేస్తాడు. అదీ లాజిక్! పైగా హీరో చివరికి కోర్టు ముందు నిలబడి శిక్ష ఒప్పుకుంటాడు. తమిళ మాతృక 'రమణ'లో ఉరి, మనకి అయిదేళ్ళ జైలు. అది ఎక్కువా తక్కువా అన్నది వేరే మాట. తాను చేసిందానికీ లెక్క ఉందని ఆ హీరో ఒప్పుకున్నాడు.

అపరిచితుడు ఒప్పుకున్నాడా? ఆస్పత్రి నుంచి బయటికొచ్చి, నందినిని పెళ్ళాడి, రైల్లో వెళుతూ చెల్లెలి చావుకి కారణమైన తాగుబోతుని బయటికి తోసేస్తాడు. ఏమీ ఎరగనట్టు వచ్చి పెళ్ళాం పక్కన కూర్చుంటాడు. వెయ్యి ఈలలు పడ్డ ఆ సీన్‌లోనే అతని కేసు ఓడిపోయింది. భార్య దగ్గర దాచాడంటే తప్పని తెలిసినట్టే కదా! ఈసారి ఏ డాక్టరు సర్టిఫికెట్టూ కాపాడదు.

సినిమా మళ్ళీ వేస్తే నేను మళ్ళీ చూస్తాను, సందేహం లేదు. కానీ నా పేరు ఎవరైనా ఆ వెబ్‌సైట్‌లో రాస్తే మాత్రం, దున్నపోతులు బయల్దేరకముందు చిత్రగుప్తుణ్ణి ఒకసారి పిలిపించమంటాను. మరి మీరేమంటారు?