సుగంధిపాల, మారేడు కొమ్ములు

వేసవి వచ్చినదంటే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో నన్నారి షర్బత్తుకు గిరాకీ పెరుగుతుంది. ఇది సుగంధిపాల వేరుతోనే తయారగునని పలువురి నమ్మకం. కాని మన దక్షిణదేశంలో ఇందుకు ఎక్కువగా వాడుకలో ఉన్నది మారేడు కొమ్ములు. ఈ రెండును ఒకే కుటుంబానికి చెందిన వేర్వేరు తీగపొదలు. మారేడు చెట్టుతో వీటికి సంబంధం లేదు.

సుగంధిపాల (హెమిడెస్మస్ ఇండికస్) సంస్కృతంలో శారిబ, అనంతమూలం. సన్నని తీగ. ఆకుల నడి ఈనె వెంబడి తరచు తెల్లని చార ఉంటుంది. చిన్న పూలు వెలుపల ఆకుపచ్చగా, లోపల ఊదారంగుగా ఉంటాయి. వేరు సన్నగా, గట్టిగా ఉంటుంది. చరకుడు దీనిని జ్వరహర, దాహప్రశమన, స్తన్యశోధన ద్రవ్యాలలో చేర్చినాడు.

మారేడు కొమ్ములు (డెకాలెపిస్ హామిల్టోనియై) రాతికొండలలో పెరుగుతాయి. ఆకులు వెడల్పు. వేళ్లు లావుగా, కండకలిగి గుత్తిగా ఉంటాయి. వీటితో ఊరగాయ కూడా పెడతారు.

రెండు వేళ్లలోను పరిమళమిచ్చే పదార్థం ఒక్కటే. కనుక పొడి చేసిన తరువాత వాసనను బట్టి గుర్తించుట కష్టం. వేరును కంటితో చూడనిదే పొడిని స్వీకరించరాదని గురుకులంలో మాకు నేర్పిన నియమాన్ని నేను నేటికీ పాటిస్తున్నాను. శారిబ చెప్పిన యోగంలో శారిబనే వాడవలెను.

సంరక్షణ విషయంలోను వీటి తీరు వేరు. సుగంధిపాల భారతదేశమంతటా కలదు. నేలలో మిగిలిన వేరు ముక్క నుండి మరల చిగురించగలదు. మారేడు కొమ్ముల తీగ దక్షిణ ద్వీపకల్పానికే పరిమితం. గుత్తినంతా పెకలించినచో తీగ చనిపోతుంది. కాయలు పగిలి, దూదిపింజల వంటి కుచ్చులున్న గింజలు గాలికి ఎగురకముందే తవ్వినచో తరువాతి తరం కూడా ఉండదు. షర్బత్తు గిరాకీ భారమంతా నల్లమల కొండలపై పడుట తగదు. గింజలతో నారు పెంచి చేల గట్లపై నాటుకొనుట, పక్క వేళ్లు మాత్రమే తీసి తల్లివేరును విడిచిపెట్టుట మేలు.

గృహవైద్యం: దంచిన సుగంధిపాల వేరు 10 గ్రాములు రాత్రి గ్లాసు నీటిలో నానబెట్టి, మూతపెట్టి, ఉదయం వడగట్టి పటికబెల్లంతో సేవించిన ఒంటి వేడి, మూత్రపు మంట శమిస్తాయి. మరిగించరాదు, పరిమళం ఆవిరైపోతుంది. మంట తగ్గకున్నను, జ్వరమున్నను, గర్భవతులైనను వైద్యుని సంప్రదించవలెను.

పెరటిలో ఒక్క సుగంధిపాల తీగ పెంచుకొన్న ఇంటికి ఈ మందు కొరకు అడవిని తవ్వవలసిన పని లేదు.