ఉప్పు తగ్గినా రుచి తగ్గనివ్వకండి: పెరటి ఆకులను ఫ్రిజ్‌లో దాచుకునే విధానం

"ఉప్పు తగ్గించమన్నారు, తగ్గించాను. కానీ ముద్ద గొంతు దిగడం లేదండీ!" బి.పి. చూపించుకోవడానికి మన ఆసుపత్రికి వచ్చేవారి నోట మేము తరచుగా వినే మాట ఇది. కొన్నాళ్ళు ఓర్చుకుంటారు. తర్వాత మళ్ళీ ఆవకాయ జాడీ మూత తీస్తారు.

వారిని తప్పుపట్టలేము. చప్పిడి తిండి ఎవరికైనా కష్టమే. అయితే రుచికి ఉప్పు ఒక్కటే ఆధారం కాదు. కొత్తిమీర, పుదీనా, కరివేపాకుల వాసన, గోంగూర పులుపు తోడైతే తక్కువ ఉప్పుతోనూ అన్నం తినబుద్ధి అవుతుంది. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను లోపు ఉప్పు సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చళ్ళు, అప్పడాలు, ఊరమిరపకాయలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోనిదే.

చలికాలంలో చవకగా దొరికే కొత్తిమీర ఎండాకాలంలో ప్రియమవుతుంది. మన పెద్దలు ఆకును ఉప్పు, నూనెలతో నిలవ చేసేవారు. ఉప్పు లేకుండా నిలవ చేయాలంటే గడ్డకట్టించడం మంచి మార్గం. గడ్డకట్టే చలిలో క్రిములు పెరగవు. కానీ చావవు కూడా. అందుకే ముందుగా ఆకును రెండు మూడు నీళ్ళలో బాగా కడగాలి.

ఎలా చేయాలి?

కొత్తిమీర, పుదీనా: కడిగి, సన్నగా తరిగి ఐస్ ట్రే గుంటలలో నింపండి. ఆకు మునిగేంత మంచినీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టాక ఆ ముక్కలను కవరులో వేసి, గాలి లేకుండా మూతి కట్టండి. పప్పులోకి, చారులోకి ఒకటి రెండు ముక్కలు చాలు.

కరివేపాకు: కడిగి, బట్ట మీద తడి పూర్తిగా ఆరనిచ్చి, రెబ్బలు దూసి మూత డబ్బాలో పెట్టండి. తడి ఉంటే పోపులో నూనె చిటపటలాడి మీద పడుతుంది, జాగ్రత్త.

గోంగూర: మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లని నీళ్ళలో వేయండి. ఇలా చేస్తే రంగు, రుచి త్వరగా చెడవు. నీరు పిండి, ఒక్కో పూటకు సరిపడేంత ముద్దలుగా చేసి విడివిడిగా దాచండి.

గడ్డకట్టిన ఆకు కరిగితే మెత్తబడుతుంది. పైన చల్లుకోవడానికి పనికిరాదు గాని, వంటలో కలిసిపోతుంది. కరగనివ్వకుండా నేరుగా గిన్నెలో వేయండి.

మరచిపోకండి

• కవరు మీద తేదీ రాయండి. చిన్న ఫ్రిజ్‌ల పై అరలో చలి తక్కువగా ఉంటుంది కనుక నెలలోపు వాడేయడం మంచిది.

• కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తెరవకండి. ముక్కలు పూర్తిగా కరిగి గంటల తరబడి అలాగే ఉంటే పారేయండి. మళ్ళీ గడ్డకట్టించి వాడకండి.

• సైంధవ లవణం కూడా ఉప్పే. బి.పి. ఉన్నవారు దానిని ఇష్టం వచ్చినంత వాడకూడదు.

• గుండె కవాటం ఆపరేషన్ తర్వాత వార్ఫరిన్ వంటి మాత్రలు వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. వారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరుగారిని అడగండి.

ఫ్రిజ్ లేనివారు కరివేపాకును నీడన ఎండబెట్టి, ఉప్పు వేయకుండా పొడి కొట్టుకోవచ్చు. తినేముందు నిమ్మరసం పిండుకున్నా ఉప్పు లోటు అంతగా తెలియదు.

ఇంట్లో ఒకరికి చప్పిడి కూర, మిగిలినవారికి ఉప్పు కూర అని వేరు చేయకండి. తక్కువ ఉప్పు అందరికీ మేలే. ఒకే గిన్నెలోది అందరూ తింటే, జబ్బు మనిషికి తాను వేరన్న బాధ ఉండదు. నాలుగైదు వారాలు పట్టుదలగా ఉంటే నాలుక కూడా అలవాటు పడుతుంది. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పనిదే మానవద్దు.