కొన్న ఎండీసీ ఎటు పోతోంది?

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం బల్క్ డ్రగ్ యూనిట్లలో ఎండీసీ అన్నది రోజూ వినబడే మాట. పూర్తి పేరు మిథిలీన్ డైక్లోరైడ్. శాస్త్రవేత్తల లెక్కలో డైక్లోరోమీథేన్. రంగు ఉండదు, వాసన కాస్త తియ్యగా ఉంటుంది, నీటికన్నా మూడో వంతు బరువెక్కువ. అది ఒక సాల్వెంట్, అంటే ద్రావణి; మందు తయారీలో కావలసిన పదార్థాన్ని కరిగించి, విడదీసి, శుద్ధి చేయడం వరకే దాని పని. మాత్రలో దానికి చోటు లేదు; ఔషధాలకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 600 పీపీఎం మించి మిగలకూడదు. పైగా అది 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. సంగారెడ్డి జిల్లాలో మే నెల మిట్టమధ్యాహ్నం మూత సరిగా బిగించని డ్రమ్ము ఎండలో పెడితే వేరే పొయ్యి అక్కర్లేదు. అలా గాల్లో కలిసే ఆవిరిలో ఒక్కో అణువుకూ రెండేసి క్లోరిన్ పరమాణువులుంటాయి. ఓజోన్ పొరకు పడనిది ఆ క్లోరినే. అయినా మాంట్రియల్ ఒప్పందం అదుపు చేసే రసాయనాల జాబితాలో ఎండీసీ లేదు. జాబితాలో లేదు కాబట్టి లెక్క చూడనక్కర్లేదనే ధోరణి సరికాదని చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

ఆ జాబితా దీర్ఘాయువు ఉన్న వాయువులను దృష్టిలో పెట్టుకుని తయారైంది. ఫ్రిజ్‌లలోనూ స్ప్రే డబ్బాల్లోనూ వాడిన సీఎఫ్‌సీలు కింది గాలిలో విరగవనీ, దశాబ్దాలపాటు తిరిగి తిరిగి, ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్ చేరాక అతినీలలోహిత కిరణాలకు విరిగి క్లోరిన్ వదులుతాయనీ శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ 1974లో చెప్పారు. అలా విడుదలైన ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను విరగ్గొట్టగలదు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం సంగతి బయటపడింది, 1987 సెప్టెంబర్ 16న ఒప్పందం కుదిరింది, 1992లో భారత్ చేరింది. మందుల పరిశ్రమకు ఆ ఒప్పందం నేరుగా తగిలింది కార్బన్ టెట్రాక్లోరైడ్ విషయంలో. మన దేశంలో ఐబుప్రొఫెన్ తయారీలోనూ దాన్ని సాల్వెంట్‌గా వాడేవారు. ముడిసరుకుగా తప్ప మిగతా వాడకమంతా 2010 నాటికి ఆపాల్సి వచ్చింది. అందువల్ల మందుల షాపుల్లో ఐబుప్రొఫెన్ దొరక్కుండా పోలేదు. సాల్వెంట్ మీద చెయ్యి వేస్తే పరిశ్రమ కూలిపోతుందనేవారు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

ఎండీసీ ఆవిరి గాలికన్నా దాదాపు మూడు రెట్లు బరువు, అది అంత పైకి ఎలా పోతుందని అడగవచ్చు. సీఎఫ్‌సీలు అంతకన్నా బరువైనవి. 1987 మార్చిలో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్‌తో అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు స్ట్రాటోస్ఫియర్ గాలి నమూనాలు పట్టి తెచ్చారు; ఈ బరువైన వాయువులు అందులో ఉండనే ఉన్నాయి. అక్కడిదాకా గాలిని కలిపేది సుడులూ మేఘాలే, బరువుతో పని లేదు. సీఎఫ్‌సీల్లా కాకుండా ఎండీసీ ఆరు నెలల్లోపే విరిగిపోతుందన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. నిజమే, చాలా భాగం దారిలోనే పోతుంది. కానీ కింది గాలి స్ట్రాటోస్ఫియర్‌లోకి ప్రవేశించేది ప్రధానంగా ఉష్ణమండలంలోనే, మనం ఉన్నది అక్కడే. రుతుపవనాల కాలంలో పెద్ద క్యుములోనింబస్ మేఘం కింది గాలిని పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు గంటల్లో లేపుతుంది. ఆరు నెలల ఆయుష్షు ఉన్నదానికి ఆ వ్యవధి ఒక లెక్క కాదు. ఇదే ఆవిరి చలి దేశంలో వెలువడితే పైకి చేరే వాటా తక్కువ.

ఎంత వెలువడుతోంది? 2016 జూన్, జులై నెలల్లో ఉత్తర, మధ్య భారతం మీదుగా విమానంలో గాలి నమూనాలు తీసిన బృందం, దేశం మొత్తం మీద ఏటా 96 వేల టన్నుల దాకా ఎండీసీ గాల్లో కలుస్తోందని అంచనా కట్టింది. 2008 నాటి అంచనాకు అది ఐదు రెట్లు. అంతమాత్రాన కొంపలు మునుగుతాయని చెప్పడం అతిశయోక్తి. ఓజోన్ పొర కోలుకుంటోంది; అంటార్కిటికా మినహా చాలాచోట్ల 2040 ప్రాంతానికీ, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికీ 1980 నాటి స్థితికి వస్తుందని 2022 నాటి అంతర్జాతీయ మదింపు. బరువుకు బరువు చూస్తే ఎండీసీ చేసే చేటు సీఎఫ్‌సీలతో పోలిస్తే బహు స్వల్పం. అయితే 2004-2014 మధ్య పెరిగిన వేగంతోనే అది పెరుగుతూ పోతే అంటార్కిటికా కోలుకోవడం పదేళ్లకు పైగానే వెనక్కి జరగవచ్చని 2017లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ముప్పు ఉన్నది ఆ పెరుగుదలలోనే.

ఇక స్థానికులు అడిగే ప్రశ్న: కలుషితమైన ఇక్కడి నక్కవాగు సంగతి తేల్చకుండా ఆకాశం గొడవ ఎందుకని. అడగాల్సిందే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చింది, ఆ కష్టం ఇంకా తీరలేదు. కానీ ఇవి రెండు వేర్వేరు పనులు కావు. సెంట్రిఫ్యూజ్ మూత తీసి తడి కేకు (సాల్వెంట్‌తో తడిసిన మందు ముద్ద) బయటికి లాగేటప్పుడు లేచే ఆవిరి మొదట సోకేది పక్కనున్న కార్మికుడికి, తర్వాత ఊరికి, చివరికి పైకి. మూసి ఉన్న సెంట్రిఫ్యూజ్, చల్లని ఉప్పునీరు (బ్రైన్) తిరిగే కండెన్సర్ ముగ్గురికీ పనికొస్తాయి. యూనిట్లకిచ్చే పర్యావరణ అనుమతుల్లో సాల్వెంట్ రికవరీ 95 శాతానికి తగ్గకూడదన్న షరతు తరచూ కనిపిస్తుంది. వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ తగ్గినంత కొత్తది కలుపుతూ ఒకే సాల్వెంట్‌ను ఏడాదిలో ఇరవైసార్లు తిప్పి వాడితే, తడవకు 5 శాతం చొప్పున పోయేది మొత్తం కలిపి మొదట నింపినంత అవుతుంది. అందుకే శాతం కన్నా కొనుగోలు రిజిస్టర్ నిజం చెబుతుంది. మందులో మిగలని సాల్వెంట్‌ను ఏటేటా కొత్తగా కొంటున్నారంటే, యూనిట్ సామర్థ్యం పెరిగితే తప్ప, అంతమేరకు పాతది గాలికో నీటికో, కాల్చివేతకు పంపే వ్యర్థంలోకో పోయినట్టే. కొనుగోలు అంకెలు బయటపెడితే వ్యాపార రహస్యాలు పోటీదారులకు తెలుస్తాయని కంపెనీలు అనవచ్చు. ఒక్కో యూనిట్‌ది వేరుగా చెప్పనక్కర్లేదు. బొల్లారం మొత్తం ఇంత, పాశమైలారం మొత్తం ఇంత, గడ్డపోతారం మొత్తం ఇంత అని, కాల్చివేతకు పోయింది తీసేసి, ఏడాదికొకసారి కాలుష్య నియంత్రణ మండలి ప్రకటిస్తే ఏ ఒక్కరి రహస్యమూ బయటపడదు.