దైవన్యాయం - యోబు ప్రశ్న

పటమటకు చేరువలోని గుణదల కొండ మీద ఏటా ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవం జరుగుతుంది. అక్కడికి వచ్చేవారు భక్తితోపాటు తీరని జబ్బునూ, తెగని అప్పునూ, బిడ్డ పోయిన దుఃఖాన్నీ మోసుకుని మెట్లెక్కుతారు. దేవుడు న్యాయమూర్తీ, దయామయుడూ ఐతే మాకెందుకీ బాధ అన్నది వారి ప్రశ్న. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే రచయిత ఆ బాధనే కొట్టిపారేస్తున్నాడు. మతాన్ని మత్తుమందుతో పోల్చిన మార్క్స్ సైతం, 1844 నాటి ఆ వ్యాసంలోనే, అందులో పీడితుల నిట్టూర్పును కూడా గుర్తించాడు.

క్రైస్తవం ఈ ప్రశ్నకు ఒకే సమాధానం చెప్పలేదు. మనిషి తన స్వేచ్ఛను దుర్వినియోగం చేసినందువల్లనే లోకంలో చెడు పుట్టిందని అగస్టీన్ వాదించాడు. బాధ మనిషిని పరిణతికి తెచ్చే శిక్షణ అన్నది మరొక వాదం. దేవుడే సిలువ మీద బాధను పంచుకున్నాడన్నది మూడవది. మొదటి వాదం జనం నోట నానినకొద్దీ, "ఏ పాపం చేశాడో అనుభవిస్తున్నాడు" అనే తీర్పుగా దిగజారింది. మన కర్మసిద్ధాంతానికి ఇది దగ్గరి చుట్టమే. రెండూ బాధితుణ్ణే ముద్దాయిగా నిలబెడతాయి.

బైబిలులోనే దీనికి ఎదురుతిరిగినవాడు యోబు. ఆస్తీ, బిడ్డలూ, ఆరోగ్యం పోయిన అతన్ని పాపం ఒప్పుకోమని మిత్రులు నిర్బంధిస్తారు. అతను ఒప్పుకోడు, దేవుణ్ణే వాదానికి పిలుస్తాడు. దేవుడు యోబు అల్పజ్ఞతను ఎత్తిచూపుతాడే గాని, బాధకు కారణం చెప్పడు. ఐనా చివరకు తప్పుపట్టింది తన పక్షాన వాదించిన మిత్రులనే కావడం గమనార్హం. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వాళ్లు ఇతరులకంటె పాపాత్ములు కారని యేసు చెప్పడం కూడా (లూకా 13) ఈ ధోరణిలోనిదే. ఐతే అక్కడ వినేవారికి పశ్చాత్తాపపడమన్న హెచ్చరికా ఉంది.

ఈ చర్చ కృష్ణా డెల్టాకు దూరమైనది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 10,000 మంది చనిపోయారు. మట్టిగోడల గుడిసెల్లోని పేదలకు తలదాచుకునే చోటే లేకపోయింది. 1990 మేలో మరో పెను తుఫాను ఈ తీరాన్నే తాకింది. అప్పటి మృతులు సుమారు 1,000 మంది. రెండు ఉప్పెనల తీవ్రతలో తేడా ఉండవచ్చు. కాని ముందస్తు హెచ్చరికలూ, లక్షమందికి పైగా జనాన్ని తరలించడమూ, 1977 తరువాత కట్టిన తుఫాను రక్షణ భవనాలూ ఎన్నో ప్రాణాలు నిలిపాయి. ఈ పదమూడేళ్లలో తీరవాసుల పాపం తగ్గలేదు, ఏర్పాట్లు పెరిగాయి. గాలివాన ప్రకృతిది, చావుల లెక్కలో సమాజం వాటా ఉంది.

న్యాయమూ దయా కలిసే చోటు మత్తయి 25లో కనిపిస్తుంది. అక్కడ తీర్పుకు కొలబద్ద ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, బట్టలేనివాడికి బట్ట ఇచ్చావా అన్నదే. ఐతే దానం ఒక్కటే సరిపోదు. మతం మారిన దళితుల వెంట కులమూ వచ్చింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా దాన్ని స్వయంగా అనుభవించాడు. 'గబ్బిలం' (1941)లో గుడి ప్రవేశం లేని మనిషి, ఆ ప్రవేశం ఉన్న గబ్బిలం ద్వారా కాశీ విశ్వనాథునికి మొర పంపుతాడు. ఆ మొర కర్మను నిలదీస్తుంది. విన్నపం దేవుడికే ఐనా, అందులోని నేరారోపణ సమాజం మీద. యోబుకు మన తెలుగునేల మీద దొరికిన వారసుడతడు.

మన కథల్లో పాస్టరు తరచు మోసగాడుగా, విశ్వాసి అమాయకుడుగా కనిపిస్తారు. అలాంటివారు లేరని కాదు. కాని ప్రార్థిస్తూనే, "ఇది న్యాయమా?" అని అడిగే మనిషి కూడా మన పేటల్లో ఉన్నాడు. అతని ప్రార్థనను హేళన చెయ్యకుండా, అతని ప్రశ్నను చల్లార్చకుండా చిత్రించడం అభ్యుదయ రచయిత బాధ్యత.