ఎండకు పుట్టిన రాళ్లు

చైత్రం వచ్చిందంటే ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీద మధ్యాహ్నం కాలు నిలవదు. ఉన్నట్టుండి గాలి స్తంభిస్తుంది. దూరాన ఒక మబ్బు లేచి, చూస్తుండగానే గోపురమంత అవుతుంది. చల్లటి గాలి, తడిమట్టి వాసన, రేకుల మీద మొదటి ‘టప్’. "రాళ్లు పడుతున్నయ్!" అని వీధంతా కేక. పుస్తకాల్లో వడగళ్లు, ఇక్కడ మాత్రం రాళ్లవానే. కారు టాపు మీద ఆ మోత విన్నవాళ్లు ఈ పేరే సరైందంటారు.

అంత ఎండలో ఇంత మంచు ఎక్కడిది? ఎండే దాని తల్లి. కాగిన నేల మీది గాలి తేమను మోసుకుంటూ పైకి ఎగబాకుతుంది. దాదాపు 5 కిలోమీటర్లు దాటాక అంతా సున్నా డిగ్రీలకు దిగువే. అయినా అక్కడి నీటి చుక్కలు చాలావరకు గడ్డకట్టకుండా నీళ్లుగానే తిరుగుతుంటాయి. మంచు పలుకు తగిలిందా, దాన్నే పట్టుకుని బిగుసుకుంటాయి. గాలి మోసినంతసేపూ ఆ పలుకు పెరుగుతుంది. బరువు మించితే నేలకు రాలుతుంది. పెద్ద రాయి దొరికితే కరిగేలోపు కోసి చూడండి, ఉల్లిగడ్డలా పొరలు! చటుక్కున గడ్డకట్టిన పొర గాలి బుడగలు చిక్కి తెల్లగా ఉంటుంది, నిదానంగా గడ్డకట్టినది అద్దంలా తేటగా ఉంటుంది.

2023 మార్చి 16న, ఒకప్పుడు మా రంగారెడ్డి జిల్లాలోనే ఉన్న మర్పల్లిలో నేల తెల్లబడిపోయింది. కశ్మీర్‌లా ఉందని మురిసిపోయారు చాలామంది. నాకు మాత్రం ఆ తెలుపు కింద పడుకున్న పంటే కళ్లలో మెదిలింది. ఆ వారంలోనే అహ్మదాబాద్ నుంచి శంషాబాద్‌కు దిగుతున్న విమానం వడగళ్లలో చిక్కుకుని దెబ్బతింది. ప్రయాణికులు క్షేమంగా దిగారు.

విమానానికే తప్పనప్పుడు వాకిట్లో నిలిపిన కారెంత? నిమ్మకాయంత రాయి గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని దాటి పడగలదు. షెడ్డు లేనివాళ్లు మబ్బు పట్టగానే టాపు మీద, అద్దాల మీద బొంతో గొంగడో మందంగా పరిచి తాడుతో బిగించాలి. పలుచటి కవరు సొట్టలను ఆపలేదు. చెట్టు కింద పెట్టడం మరీ ప్రమాదం, కొమ్మ విరిగితే రాళ్లే నయమనిపిస్తుంది. దారిలో చిక్కుకుంటే రోడ్డు దిగి, రాళ్లు కొట్టే దిక్కుకు కారు ముఖం తిప్పి ఆపండి. ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి, పగిలినా చెదరదు. పక్క అద్దాలు చాలావరకు ఒక్క దెబ్బకే పొడిపొడి అవుతాయి.

సొట్టల ఖర్చు సమగ్ర బీమాలో వస్తుంది, థర్డ్ పార్టీ పాలసీలో రాదు. బాగుచేయించకముందే ఫొటోలు తీసి బీమా కంపెనీకి చెప్పాలి.

నా దిగులంతా ఇక్కడి సాగర్ రోడ్డులో బైకుల మీద వెళ్లేవాళ్ల గురించే. రాళ్లవాన ప్రాణాలూ తీయగలదు: 1888 ఏప్రిల్ 30న మొరాదాబాద్ దగ్గర వడగళ్లకు 246 మంది చనిపోయారు. బండికి ఏమైనా కానివ్వండి. దాన్ని అంచున వదిలి, హెల్మెట్ తీయకుండానే దగ్గర్లోని దుకాణంలోకి పరుగెత్తండి.